చెయ్యి వణికిన రెండేళ్లు

నెమలి మెడ దగ్గర మొదలైంది. సాలూరులో నేను పనిచేసే షెడ్డుకి ఒక లారీ కొత్త బాడీతో వచ్చింది. వెనక తలుపుల మీద ఎదురెదురుగా రెండు నెమళ్లు వెయ్యమని ఓనరు అడిగాడు. ఎడమవైపుది పొద్దున్నే అయిపోయింది. కుడివైపు నెమలికి మెడ గీస్తూంటే, ఒంపు తిరగాల్సిన చోట గీత చిన్న చిన్న మెట్లలాగా దిగింది. గుడ్డతో తుడిచి మళ్లీ గీశాను. మళ్లీ అలాగే వచ్చింది. ఎండకి నీరసం కాబోలు అనుకుని, మజ్జిగ తాగి వచ్చి మూడోసారి మొదలుపెట్టాను. ఈసారి బ్రష్షు తలుపుకి ఆనకముందే వణికింది.

మా మేస్త్రి దాలినాయుడు నా పదిహేడో ఏట నుంచీ నాకు పని నేర్పినవాడు. వెనక నిలబడి చాలాసేపు చూశాడు. తరవాత పక్కకి వచ్చి, ఏదో చెప్పబోతున్నట్టు మొహం దగ్గరికి తెచ్చి, నా నోటి వాసన చూసి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

నా పేరు పైడిరాజు. అప్పటికి నాకు ఇరవయ్యారేళ్లు. తొమ్మిదేళ్లుగా లారీల మీద పువ్వులు, నెమళ్లు, దేవుళ్ల పేర్లు, ఊళ్ల పేర్లు రాస్తున్నాను. స్కేలు పెట్టకుండా పదడుగుల గీత లాగగలనని షెడ్డులో నాకు పేరు. ఆ నెల ఆఖరికి బండి నంబరు కూడా తిన్నగా రాయలేకపోయాను. ఒక ఓనరు గొడవ పెట్టుకున్నాక మేస్త్రి నన్ను పక్కకి పిలిచాడు.

"ఒరే పైడీ, నిజం సెప్పు. తాగతన్నావంటే మానిపిస్తాను, ఆ పూచీ నాది. మరోటేదైనా అయితే నాకు తెల్దు. ఈ సెయ్యితో మాత్రం బండి అప్పగించనేను."

నేను తాగటం లేదని చెప్పాను. చెప్తూంటే మాట కూడా కొంచెం ముద్దగా వచ్చింది. ఆయన తల తిప్పేసుకున్నాడు. బ్రష్షులు కడిగి, సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

*

మా ఊరు గజపతినగరానికి మూడు కిలోమీటర్లు. నాన్న సత్యం వరి పండిస్తాడు. తిండికి కాదు, విత్తనానికి. విత్తనం వరి అంటే పని ఎక్కువ. చేను పొట్టకొచ్చినప్పుడు వరసగా నడుచుకుంటూ, మిగతా దుబ్బుల్లా లేని వాటిని, పొడుగువో పొట్టివో ముందే పండేవో, కనిపెట్టి పీకేయాలి. వాటిని కేళీలంటారు. ఒక్కటి మిగిలినా మరుసటేడు వేరే వాళ్ల చేను పాడవుతుంది. అందుకని నాన్న కళ్లు ఎప్పుడూ తేడాని వెతుకుతూనే ఉంటాయి. నేను సంచితో వాకిట్లోకి రాగానే నా మొహం కాదు, చెయ్యి చూశాడు.

అమ్మ పేరు రాములమ్మ. ఆవిడ నాన్నకి మేనమామ కూతురు. మా వైపు అందులో విశేషమేమీ లేదు. నాకు కూడా అమ్మ తమ్ముడు అప్పలనాయుడు మావ కూతురు వెంకటలక్ష్మిని ఎప్పుడో అనేసుకున్నారు. ఇక మిగిలింది చెల్లి గౌరి. గజపతినగరంలో డిగ్రీ మొదటి ఏడాది.

ఆ ఆషాఢంలో నా చెయ్యితో పాటు నాలుక కూడా మందగించింది. కూరన్నం ముద్ద నోటిదాకా వచ్చేసరికి సగం కింద పడేది. పెదవి చివర నుంచి చొంగ కారేది, కారినట్టు నాకు తెలిసేది కాదు. కోపం మాత్రం బాగా తెలిసేది. ఒకరోజు కంచం గోడకేసి కొట్టాను. గౌరి మెతుకులు ఏరి, వేరే కంచంలో కలుపుకొచ్చి, ఎదురుగా కూర్చుని తినిపించింది. తను చూస్తూ ఉండగా ఏడవకూడదని గట్టిగా నమిలాను.

ఊళ్లో మాట అప్పటికే పాకిపోయింది. సాలూరు వెళ్లి తాగుడు నేర్చుకొచ్చాడని అనుకున్నారు. అప్పలనాయుడు మావ వచ్చాడు. మంచినీళ్లు కూడా ముట్టుకోలేదు. "నా పిల్లని తాగుబోతుకి ఇవ్వనేను బావా, ఏటనుకోకు" అని నాన్నకి చెప్పి లేచాడు. అమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. తమ్ముడు గడప దాటేదాకా చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ తరవాత ఏడాది పాటు పుట్టింటి గుమ్మం తొక్కలేదు.

విజయనగరంలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాం. నరాల బలహీనత అని నెల రోజులకి మాత్రలు ఇచ్చాడు. నెల తిరిగేసరికి నడకలో కూడా తూలుడు వచ్చింది. అప్పుడు ఆయనే, ఇది నా చేతిలోది కాదు, విశాఖపట్నం వెళ్లండి అని చీటీ రాసిచ్చాడు.

మా ఇంట్లో ఎవరూ పలకని పేరు ఒకటుంది. నాకు పైన ఒక అన్న ఉండేవాడు, సింహాచలం. పదమూడో ఏట కామెర్లతో పోయాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు, గౌరి పాకుతోంది. వాడి కళ్లు పచ్చగా ఉండటం, పొట్ట ఉబ్బిపోవటం నాకు గుర్తున్నాయి. ఫోటో అమ్మ పెట్టెలో బట్టల కింద ఉంటుంది. నా చెయ్యి వణకటానికీ వాడి కామెర్లకీ ఏదైనా సంబంధం ఉంటుందని అప్పుడు మాలో ఎవరం అనుకోలేదు.

*

దసరాకి వారం ముందు అమ్మ, నాన్న, నేను పొద్దుటి ప్యాసింజరు ఎక్కి విశాఖపట్నం వెళ్లాం.

నరాల విభాగం ముందు మూడు బెంచీలు, వాటికి పదింతల మంది జనం. చెయ్యి పడిపోయినవాళ్లు, మూతి వంకర పోయినవాళ్లు. మొదటిసారి నన్ను ఎవరూ వింతగా చూడలేదు. అదొక నిమ్మళం, మరుక్షణమే అదొక భయం. నేను ఇక్కడివాణ్ణేనా? రాయగడ నుంచి వచ్చిన ఒక పెద్దామె, తన మొగుణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని నా పక్కన కూర్చుంది. నాన్న తెచ్చిన టీ నేను పట్టుకోలేక ఒలకపోస్తుంటే, సగం ఒడియా సగం తెలుగులో ఏదో అని, గ్లాసు తీసుకుని నా నోటికి పట్టింది. నేను మొత్తం తాగేదాకా అలాగే పట్టుకుంది. ఆ ఇద్దర్నీ మళ్లీ చూడలేదు.

డాక్టరమ్మ నాకంటే పెద్ద వయసేం కాదు. చేతులు చాపమంది. ముక్కు ముట్టుకోమంది. పేరు రాయమంది. నా పేరు చీమలు పాకినట్టు చిన్నదైపోతూ కాయితం అంచుకి వెళ్లి ఆగింది. అప్పుడావిడ లేచి, నా గడ్డం పైకెత్తి, కళ్లలోకి టార్చి వేసి చూసింది. వెంటనే కళ్ల విభాగానికి పంపింది. అక్కడ గడ్డం ఒక స్టాండు మీద పెట్టించి, సన్నటి వెలుగు వేసి చూశారు. చూసినవాళ్లు ఇంకొకర్ని పిలిచారు. వాళ్లు మరో ఇద్దర్ని పిలిచారు. ఇంతమంది చూడాల్సినంత ఏముంది నా కంట్లో?

తిరిగి వచ్చాక డాక్టరమ్మ తన ఫోన్లో ఫోటో చూపించింది. నల్లగుడ్డు అంచు చుట్టూ గోధుమ రంగూ పాచి రంగూ కలిసిన ఉంగరం. రంగులతో బతికేవాణ్ణి, అద్దంలో రోజూ చూసుకునే కళ్లే, ఎప్పుడూ కనిపెట్టలేదు.

"ఇది రాగి" అందావిడ. "మనం తినే ప్రతిదాంట్లోనూ కొంచెం రాగి ఉంటుంది. మిగిలింది శరీరం బయటికి పంపేస్తుంది. నీ శరీరానికి ఆ పని చేతకాదు. ముందు కాలేయంలో పేరుకుంటుంది, తరవాత మెదడులో. పుట్టుకతో వచ్చింది. తాగుడు వల్ల కాదు, నీ పెయింట్ల వల్లా కాదు."

తాగుడు వల్ల కాదన్న మాట విని నాన్న భుజాలు కిందికి దిగటం చూశాను. జబ్బు పేరు కూడా అడగలేదు, ఆ ఒక్క మాట చాలినట్టుంది ఆయనకి.

తరవాత ఆవిడ అడిగింది, మీ ఇంట్లో ఎవరికైనా చిన్నతనంలో కామెర్లు వచ్చాయా, ఎవరైనా పోయారా అని.

అమ్మ వెంటనే "నేదమ్మా" అంది.

నేను అమ్మ వైపు చూశాను. ఆవిడ గోడ మీద క్యాలెండరు చూస్తోంది. నాన్న తల దించుకున్నాడు. డాక్టరమ్మ రాసుకుంది. రక్తం తీశారు. ఒక రోజంతా మూత్రం పట్టటానికి పెద్ద డబ్బా ఇచ్చారు.

మర్నాడు డబ్బా అప్పగించటానికి వెళ్లినప్పుడు, అమ్మ బయట బెంచీ మీద ఉండగా, నాన్న తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. "ఒకడున్నాడమ్మా. నా పెద్దోడు" అన్నాడు. మొత్తం చెప్పాడు. డాక్టరమ్మ కలం కింద పెట్టి విన్నది. వాడిదీ ఇదే అయ్యుంటుందని, ఇప్పుడు గట్టిగా చెప్పలేనని అంది. ఇంట్లో ఇంకో బిడ్డ ఉందా అని అడిగింది.

*

డాక్టరమ్మ నాన్నకి ఎలా చెప్పిందంటే, తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి, దెబ్బతిన్న జన్యువు దాగి ఉంటుంది. ఒకటే ఉంటే మనిషికి ఏ జబ్బూ ఉండదు. రెండూ ఒకే బిడ్డకి చేరితే ఇలా బయటపడుతుంది. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఒకే కుటుంబంలోంచి వచ్చిన ఇద్దరిలో ఒకటే లోపం దాగి ఉండటం ఎక్కువ. నాకు సగమే అర్థమైంది. నాన్నకి మాత్రం వెంటనే అర్థమైంది. చూట్టానికి బాగున్న దుబ్బుల గింజల్లోంచే కేళీ రావటం ఆయన ఎన్నిసార్లు చూశాడో.

ఆ అర్థమైనదే ఇంట్లో పెద్ద గొడవకి కారణమైంది. భోజనాల దగ్గర నాన్న తనలో తను అనుకున్నట్టు, "సేనుకి విత్తనం మారస్తన్నాం గానీ, ఇంటికాడ ఆ ఆలోసనే రానేదు మనకి" అన్నాడు.

అమ్మ గరిటె గిన్నెలో వదిలేసింది. "అయితే నన్ను తెచ్చుకోడమే తప్పంటావా?"

నాన్న అలా అనలేదన్నాడు. నాలో ఉన్నదే నీలోనూ ఉంది, ఇద్దరిదీ సమానమే అన్నాడు. కానీ అమ్మ ఇక వినలేదు. వారం రోజులు ఇద్దరి మధ్యా గౌరి ద్వారానే మాటలు నడిచాయి.

నాకు మందు మొదలుపెట్టారు. ఒంట్లో రాగిని పట్టి మూత్రంలో బయటికి పంపే మందు. మొదట్లో కొందరికి జబ్బు ఎక్కువైనట్టు కనిపిస్తుందని, భయపడి ఆపొద్దని, ఫోన్ చెయ్యమని డాక్టరమ్మ ముందే చెప్పింది. చెప్పి ఉండకపోతే నేను ఈ కథ రాసేవాణ్ణి కాదేమో. మూడో వారానికి మాట పూర్తిగా పోయింది. మెడ ఒక పక్కకి లాగేసేది. నీళ్లు మింగితే ముక్కులోకి వచ్చేవి. నాకు అన్నీ తెలుస్తున్నాయి, వినపడుతున్నాయి, ఒక్కటీ చెప్పలేను. రాయబోతే కాయితం మీద గీతలు తప్ప అక్షరం లేదు. అమ్మ మాత్రల సీసా తీసి పైన అటక మీద పెట్టేసింది. ఇవే నా కొడుకుని తినేస్తున్నాయి అంది. గౌరి స్టూలు వేసుకుని ఎక్కి సీసా దింపి, డాక్టరమ్మకి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి అమ్మకి వినిపించింది. మోతాదు తగ్గించి నెమ్మదిగా పెంచమన్నారు. మందు ఆగలేదు.

గౌరికి కూడా చేయించమని డాక్టరమ్మ చెప్పిన రక్తపరీక్ష మాత్రం ఆగిపోయింది. అమ్మ ససేమిరా అంది. ఆ గుంటకి ఏటీ నేదు, పరిగెడతన్నాది, సదువుకుంటన్నాది, లేనిదాన్ని వెతికి తెచ్చుకోడమెందుకు అంది. నాన్న ఒకసారి చెప్పి ఊరుకున్నాడు. నాకైతే భయం పట్టుకుంది. ఎందుకంటే గౌరి అచ్చం సింహాచలం పోలిక. అదే నుదురు, అవే చెవులు, నవ్వితే అదే పక్కకి వంగే మూతి. బొమ్మలు వేసేవాణ్ణి, మొహాల కొలతలు నాకు తెలుసు. వాడి మొహమే దీనికి వచ్చిందంటే వాడి జబ్బు కూడా వచ్చినట్టే అని నాలో నేను తీర్మానించేసుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పే నోరు నాకు లేదు.

*

కార్తీకంలో నన్ను మళ్లీ చూపించుకోవటానికి తీసుకెళ్లాల్సి వచ్చింది. కోతల పని మీద నాన్న కదల్లేడు. గౌరి కాలేజీ మానేసి నాతో బయల్దేరింది. నన్ను చూడటం అయ్యాక డాక్టరమ్మ ముందు తన చెయ్యి చాపి, "నాకూ తీయండి మేడమ్" అంది.

ఇంట్లో చెప్పావా అని ఆవిడ అడిగింది. నాకు పద్దెనిమిది నిండాయని గౌరి జవాబు చెప్పింది. సూది దిగేటప్పుడు నా వైపు చూసి నవ్వింది. అదే పక్కకి వంగే మూతి. నేను తట్టుకోలేక తన మొహం మీద వేలితో చూపించి, పైకి చూపించి, ఏదో గొణిగాను. గౌరికి అర్థమైంది. సింహాచలం అన్నయ్య పోలికట నేను, అందుకే ఈ అన్నయ్య భయపడతన్నాడు అని డాక్టరమ్మకి చెప్పింది.

ఆవిడ నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. మొహం పోలికకీ దీనికీ ఏ లంకె లేదని, ఆ రెండూ వేరు వేరుగా వస్తాయని, అన్నలాగా ఉన్నా రాకపోవచ్చని, లేకపోయినా రావచ్చని నెమ్మదిగా చెప్పింది. నా భయం తగ్గలేదు గానీ, దానికి ఆనుకునే గోడ లేకుండా పోయింది.

ఫలితానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ గౌరి కాలేజీకి వెళ్లింది, ముగ్గులు పెట్టింది, నాకు తినిపించింది. ఫోన్ మోగినప్పుడల్లా మాత్రం ఇంట్లోంచి పెరట్లోకి వెళ్లిపోయేది. పదమూడో రోజు అలాగే వెళ్లి, చాలాసేపటికి తిరిగి వచ్చి, వడ్లు చెరుగుతున్న అమ్మ పక్కన కూర్చుంది.

"అమ్మా, నాకూ ఉన్నాది. ఇంకా ముదరనేదంట. ఇప్పట్నుంచీ మాత్రలేసుకుంటే అన్నయ్యలాగా అవ్వనంట."

అమ్మ చెరగటం ఆపలేదు. చాట అయిపోయేదాకా చెరిగింది. తరవాత చాట పక్కన పెట్టి, ఎవరి వైపూ చూడకుండా మొదలుపెట్టింది. సింహాచలానికి కళ్లు పచ్చబడ్డప్పుడు నాన్న ఆసుపత్రికి తీసుకెళదామన్నాడట. ఆవిడే వద్దని, పక్క ఊళ్లో పసరు పోస్తారని తీసుకెళ్లిందట. మూడు పొద్దులు పోయించింది. నాలుగో రోజు కొంచెం నవ్వాడు, నయమైందనుకుంది. పదిహేడేళ్లుగా ఆ నవ్వే తనని తింటోందని చెప్పింది. "ఇది పుట్టుకతో వచ్చింది అన్నారంటే, మందుందన్నారంటే, ఆడు బతికేవోడే కదా. అందుకే నేదన్నాను ఆ దాట్రమ్మతోటి. ఉందంటే ఆణ్ణి నానే సంపుకున్నట్టు కదా."

అప్పుడే పొలం నుంచి వచ్చిన నాన్న గుమ్మంలో నిలబడి విన్నాడు. వచ్చి అమ్మ పక్కన నేల మీద కూలబడ్డాడు. ఆ గొడవ తరవాత మొదటిసారి ఆ రోజు ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. గౌరి నన్ను లేపి పెరట్లోకి తీసుకెళ్లిపోయింది.

ఆ తరవాతి సారి అమ్మ కూడా విశాఖపట్నం వచ్చింది. ఆ రోజుల్లో ఆసుపత్రికి తీసుకెళ్లినా ఇది కనిపెట్టి ఉండేవారన్న నమ్మకం లేదని డాక్టరమ్మ అమ్మకి చెప్పింది. అమ్మ తల ఊపింది. నమ్మిందని నేననుకోను. కానీ గౌరి మాత్రల వేళలు రాసిన కాయితం అడిగి తీసుకుని, జాకెట్టులో దోపుకుంది. అమ్మకి చదువు రాదు. వేళలకి బదులు పొద్దు బొమ్మలు నన్ను గీసిపెట్టమంది. ఉదయిస్తున్న సూర్యుడు, నడినెత్తి సూర్యుడు, కుంగుతున్న సూర్యుడు. జబ్బు వచ్చాక నేను వేసిన మొదటి బొమ్మలు అవే. మూడూ వంకరే.

*

బాగుపడటం అంటే ఒకరోజు లేచి చూసేసరికి బాగున్నామని కాదు. ఉగాదికి చెంచా పట్టుకున్నాను. నీళ్లు ముక్కులోకి రావటం ఎప్పుడు ఆగిందో గుర్తులేదు. వానలు పడేసరికి నా మాట ఇంట్లోవాళ్లకి, ఆ తరవాతి చలికాలానికి బయటివాళ్లకి అర్థమవటం మొదలైంది. డాక్టరమ్మ రోజూ ఒక పేజీ రాయమంది. మొదట రూళ్ల పుస్తకంలో అ ఆలు దిద్దాను, తరవాత బస్సుల మీద కనపడిన ఊళ్ల పేర్లు రాశాను. ఇప్పుడు ఇది రాస్తున్నాను.

రాగి ఎక్కువుండే రొయ్యలు, పీతలు, జీడిపప్పు మానేశాం. అమ్మ రాగి చెంబు అటకెక్కించింది. మాత్రలు జీవితాంతం. ఎవరికైనా ఈ వయసులో కారణం లేకుండా చెయ్యి వణికితే, మాట ముద్దయితే, ముందు నోటి వాసన చూడకండి, కళ్లు చూపించండి. ఇంట్లో ఒకరికి ఉందని తేలితే తోడబుట్టినవాళ్లకి కూడా పరీక్ష చేయించండి. చూట్టానికి బాగున్నారని ఊరుకోవద్దు.

దాలినాయుడు మేస్త్రి మా ఇంటికి వచ్చాడు. వాసన చూసిన సంగతి ఆయనే ఎత్తాడు, తప్పయిందిరా అన్నాడు. ఇప్పుడు షెడ్డులో అడుగు రంగులు వేస్తున్నాను. గీతల పని ఇంకా ఇవ్వలేదు, నేనూ అడగలేదు. అప్పలనాయుడు మావ కూడా వచ్చి అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. తన పిల్లకి కూడా దాగి ఉండొచ్చా అని నాన్నని అడిగాడు. ఉండొచ్చు, ఒకటే ఉంటే దానికి జబ్బు రాదు, కానీ మళ్లీ మనలోనే ఇవ్వకండి అని నాన్న చెప్పాడు. వెంకటలక్ష్మికి చీపురుపల్లి సంబంధం చేశారు, వాళ్లు మాకు ఏ చుట్టమూ కారు. పెళ్లికి వెళ్లాను. అక్షింతలు వేసేటప్పుడు చెయ్యి వణికింది. అది జబ్బు వణుకో కాదో నాకే తెలీలేదు.

మొన్న వానాకాలంలో మా ఎదురింటి సూరమ్మ మనవరాలికి కళ్లు పచ్చబడ్డాయి. ఏడాదిలో అది రెండోసారి. పొద్దున్నే పసరుకి బయల్దేరుతున్నారని గౌరి వచ్చి చెప్పింది. అమ్మ పొయ్యి మీద ఎసరు దింపేసి, తడి చేతులతోనే వీధి దాటింది. నేను వెనకే వెళ్లాను. అమ్మ వాళ్ల గుమ్మంలో నిలబడి, గొంతు పెంచకుండా చెప్పింది.

"సూరమ్మప్పా, మా సింవాచలానికి నానే పసరు పోయించినాను. పదమూడేళ్లోడు, నాలుగో రోజు నవ్వినాడు, నెల తిరక్కుండా ఎలిపోయాడు. నువ్వు అలా సెయ్యకు. పిల్లని ఆసుపత్రికి ఒట్టుకెల్దాం. కళ్లు కూడా సూడమని అడుగుదాం."

ఆ పేరు అమ్మ నోట బయటివాళ్ల ముందు వినటం నాకు అదే మొదటిసారి. సూరమ్మ పిల్లకి గౌను మార్చటానికి లోపలికి వెళ్లింది. ఆటో వస్తే అందులో అందరికన్నా ముందు అమ్మే ఎక్కి కూర్చుంది.

పిల్లవి మామూలు కామెర్లే. కళ్లలో ఏమీ లేదు. పది రోజుల్లో ఇంటికి వచ్చేసింది. ఉత్తినే అందర్నీ పరిగెత్తించావని నాన్న నవ్వితే, అమ్మ కాయితం మీది సూర్యుణ్ణి చూసుకుంటూ గౌరి చేతిలో మాత్ర పెట్టి అంది.

"మామూలువని తెలిసింది కదా. తెలుసుకోడానికే ఎల్లినాం."